సీఎస్పీ ఎలా చేయాలి: 180 గంటలు, ఒక వీధి, ఒక లాగ్ బుక్

రెండో సెమిస్టర్ ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం నుంచే సీఎస్పీ, అంటే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గురించి నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "మేడమ్, టాపిక్ ఏం తీసుకోమంటారు?" "మేడమ్, మా ఊళ్ళోనే చేయొచ్చా?" "మేడమ్, లాగ్ బుక్ రోజూ రాయాలా, చివర్లో రాయొచ్చా?" ఇంకో ప్రశ్న కూడా ఉంటుంది కానీ దాన్ని నన్నెవరూ నేరుగా అడగరు. సీనియర్ అక్క రిపోర్టు తీసుకుని ఊరి పేరు మార్చి ఇస్తే దొరికిపోతామా అని. దొరికిపోతారు. నిరుడు ఒకమ్మాయి ముఖపత్రం మీద తన ఊరి పేరే వేసుకుంది కానీ, ఏడో పేజీలో పాత ఊరు అలాగే ఉండిపోయింది.

మాది నెల్లూరు జిల్లాలో చిన్న మహిళా డిగ్రీ కాలేజీ. బీఏకి ఒకటే సెక్షన్. పిల్లలు కోవూరు, బుచ్చి, అల్లూరు, ఆత్మకూరు వైపు నుంచి బస్సుల్లో వస్తారు. చాలామంది ఇంటర్ దాకా తెలుగు మీడియమే. ఏటా ఇవే ప్రశ్నలకు ఇవే జవాబులు చెబుతున్నాను కాబట్టి ఒకచోట రాసి పెడుతున్నాను. ఒంగోలు వైపు వాళ్ళకూ ఇదే పనికొస్తుంది. యూనివర్సిటీ వేరైనా రాష్ట్రమంతటికీ పద్ధతి ఒకటే.

ముందు రెండు మాటలు. సీఎస్పీని డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక వేసవి సెలవుల్లో కనీసం 180 గంటలు చేయాలి. ఎన్‌ఎస్‌ఎస్‌లో చేసిన పనిని ఇందులో చూపించకూడదు, అది వేరు, ఇది వేరు. మామూలుగా మొదటి వారం ఇంటింటి సర్వే, రెండో వారం అవగాహన కార్యక్రమాలు, తర్వాత మూడు వారాలు అసలు పని, ఆఖరి వారం రిపోర్టు. ఆరు వారాలంటే వారానికి 30 గంటలు. రోజుకు ఐదు గంటల చొప్పున ఆరు రోజులు, లేదా ఆరు గంటల చొప్పున ఐదు రోజులు. మార్కుల పంపకం మీ కాలేజీ ఇచ్చిన కాగితంలో చూసుకోండి.

కావలసినవి

- ప్రిన్సిపాల్ సంతకం, సీలు ఉన్న అనుమతి పత్రం. మూడు జిరాక్సులు. ఒకటి గ్రామ సచివాలయంలో, ఒకటి సర్పంచ్ దగ్గర ఇవ్వడానికి, ఒకటి మీ సంచిలో ఉండడానికి.
- కాలేజీ ఐడీ కార్డు. మెడలో వేసుకోండి, సంచిలో దాచకండి.
- లాగ్ బుక్ (ఏ రోజు ఏం చేశారో రాసే పుస్తకం), దాంతోపాటు ఒక రఫ్ నోటుబుక్. రెండూ వేరువేరుగా ఉండాలి.
- పరీక్ష అట్ట, రెండు పెన్నులు, ప్రశ్నల కాగితం జిరాక్సులు ఒక 60.
- ఫోన్‌లో జీపీఎస్ మ్యాప్ కెమెరా యాప్. తేదీ, చోటు ఫోటో మీదే పడతాయి. లొకేషన్ ఆన్‌లో ఉందో లేదో మొదటి ఫోటో తీయగానే చూసుకోండి.
- గొడుగు, నీళ్ళ సీసా, ఇంకో అమ్మాయి తోడు. రోహిణి కార్తెలో మన ఎండ సంగతి మీకు నేను చెప్పాలా.

1. ఊరు కాదు, వీధి ఎంచుకోండి

ఊరంతా చేస్తాననొద్దు. 50 ఇళ్ళు చాలు. ఉదయం వెళ్ళి సాయంత్రానికి ఇంటికి చేరే దూరంలో ఉండాలి. హాస్టల్ పిల్లలు సెలవులకు ఇంటికే వెళ్తారు కాబట్టి సొంత ఊళ్ళో చేసుకోవచ్చు. టౌన్‌లో ఉండేవాళ్ళు తమ వార్డులో చేయొచ్చు.

సొంత ఊరైతే ఒక సౌకర్యం, ఒక చిక్కు. సౌకర్యం ఏంటంటే ఎవరూ గేటు దగ్గర ఆపరు. చిక్కు ఏంటంటే "ఈ పిల్ల వాళ్ళ నాన్నతో చెబుతుంది" అనుకుని అప్పుల గురించి ఎవరూ నోరు విప్పరు. అందుకే సొంత ఊరే తీసుకోండి కానీ మీ వీధి వదిలేయండి. 50 ఇళ్ళలో కనీసం సగం మీరు మామూలుగా వెళ్ళని వైపు ఉండాలి. ఎస్సీ కాలనీ, గిరిజన కాలనీ, చెరువు కట్ట కింద ఇళ్ళు, ఏవైనా సరే. మన వీధిలోనే తిరిగి "గ్రామ ప్రజల జీవన స్థితిగతులు" అని పేరు పెడితే వైవాలో, అంటే రిపోర్టు మీద జరిగే నోటి పరీక్షలో, మొదటి ప్రశ్న దాని మీదే వస్తుంది.

2. టాపిక్‌ను చిన్నది చేయండి

ఇక్కడే సగం మంది పప్పులో కాలేస్తారు. "మహిళా సాధికారత", "గ్రామీణాభివృద్ధి", "నీటి సమస్య". ఇవి టాపిక్కులు కావు, పుస్తకాల అట్ట మీద పేర్లు. ఒక వీధిలో, ఆరు వారాల్లో, మీరు లెక్కపెట్టగలిగేది ఏదో చూడండి.

"నీటి సమస్య" బదులు: ఈ వీధిలో 50 ఇళ్ళు తాగే నీళ్ళకు నెలకు ఎంత ఖర్చు పెడుతున్నాయి? 20 లీటర్ల క్యాన్ ఎవరు కొంటున్నారు, ఎవరు కొనలేకపోతున్నారు?

"సాధికారత" బదులు: పొదుపు సంఘంలో తీసుకున్న అప్పు ఇంట్లో దేనికి ఖర్చయింది? ఎవరు నిర్ణయించారు?

"బాలికా విద్య" బదులు: పదో తరగతి తర్వాత చదువు ఆపేసిన ఆడపిల్లలు ఈ వీధిలో ఎంతమంది, ఏ నెలలో ఆపేశారు? ఏ సంవత్సరం అని కాకుండా ఏ నెల అని అడగండి. పెళ్ళి, బస్సు, ఫీజు అన్నీ అందులోంచే బయటపడతాయి.

తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట వైపు వాళ్ళు రొయ్యల గుంటల మీద పనికి పోయే ఆడవాళ్ళ కూలి రోజులు తీసుకోవచ్చు. కనిగిరి, పామూరు వైపు వాళ్ళయితే ఫ్లోరైడ్ ఉండనే ఉంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం అన్నది గుర్తుంచుకోండి. కానీ నీళ్ళను మీరు పరీక్షించకండి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళు చేసిన పరీక్ష ఫలితం అడిగి తెచ్చుకోండి.

హిస్టరీ వాళ్ళకు నాకిష్టమైన టాపిక్ ఒకటుంది, ఏటా చెబుతాను, ఎవరూ తీసుకోరు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం మన జిల్లా దూబగుంటలోనే రాజుకుంది. అక్షరాస్యత తరగతులకు పోయిన ఆడవాళ్ళు, దూబగుంట రోశమ్మ లాంటివాళ్ళు, సారా దుకాణాన్ని మూయించారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అప్పుడు పాతికేళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు అరవై ఏళ్ళు. మీ అమ్మమ్మో, పక్కింటి అవ్వో అయ్యుంటారు. కలిగిరి, వింజమూరు వైపు పిల్లలు పదిమంది అవ్వలతో మాట్లాడి రాసినా మంచి రిపోర్టు అవుతుంది. ఇంకో పదేళ్ళాగితే అడగడానికి వాళ్ళు ఉండరు.

టాపిక్ సరిగ్గా ఉందో లేదో చూసుకునే పద్ధతి: దాన్ని మీ అమ్మకు ఒక్క వాక్యంలో చెప్పండి. "ఓహో, అదా" అంటే సరే. "అంటే ఏందే?" అంటే మళ్ళీ చిన్నది చేయండి.

3. ప్రశ్నల కాగితం

పన్నెండు నుంచి పదిహేను ప్రశ్నలు. తెలుగులో, మాట్లాడే తెలుగులో. "మీ కుటుంబ వార్షికాదాయ వనరులేవి?" అని అడిగితే అవతలి మనిషి మిమ్మల్ని ఆఫీసరనుకుంటుంది.

ఆదాయం నేరుగా అడగొద్దు. రేషన్ కార్డు పోతుందేమో, పింఛను ఆగుతుందేమో అన్న భయంతో అందరూ తగ్గించే చెబుతారు. "పోయిన వారం ఎన్ని రోజులు పనికి పోయారక్కా? రోజుకు ఎంతిచ్చారు?" అనండి. "నీళ్ళు మంచివేనా?" అనొద్దు. "నిన్న తాగిన నీళ్ళు యాడి నుంచి తెచ్చారు?" అనండి. నిన్న, పోయిన వారం, మొన్నటి పండగ అంటే గుర్తుంటుంది. "సాధారణంగా" అంటే ఎవరికీ గుర్తుండదు.

జవాబును ప్రశ్నలోనే పెట్టే తప్పు చాలామంది చేస్తారు. "ఆడపిల్లల్ని చదివించడం మంచిదే కదా?" అంటే కాదనే ధైర్యం ఎవరికుంది? 50కి 50 "అవును" వస్తుంది. దాన్ని 100 శాతం అని రాసి రంగు గ్రాఫ్ కూడా గీస్తారు.

ఆధార్ నంబర్, ఫోన్ నంబర్, బ్యాంకు వివరాలు అడగొద్దు, ఎవరైనా తామే ఇచ్చినా రాసుకోవద్దు. కాగితం మీద పేరు బదులు ఇంటికి 1, 2, 3 అని నంబరు వేయండి.

జిరాక్సులు తీసే ముందు మూడు ఇళ్ళలో అడిగి చూడండి. ఏ ప్రశ్న దగ్గర మీరు రెండోసారి విడమరిచి చెప్పాల్సి వచ్చిందో ఆ ప్రశ్న మార్చండి. 60 కాపీలు తీశాక తప్పు కనిపిస్తే ఏడుపొస్తుంది.

4. ఇంటింటికీ వెళ్ళడం

మొదటి రోజు సచివాలయంలో, సర్పంచ్ ఇంట్లో అనుమతి పత్రం ఇచ్చి రండి. అంగన్‌వాడీ టీచర్‌నూ ఆశా కార్యకర్తనూ పరిచయం చేసుకోండి. ఏ ఇంట్లో ఎవరున్నారో, ఎప్పుడుంటారో వాళ్ళకు తెలిసినంతగా ఊళ్ళో ఎవరికీ తెలియదు. అయితే ఇళ్ళకు వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళకండి. గవర్నమెంటు మనిషి పక్కనుంటే మాట మారిపోతుంది.

వేళ చూసుకోండి. వేసవిలో కూలి పనులకు తెల్లారకముందే వెళ్తారు, పదకొండు దాటాకే ఇంటికొస్తారు. వచ్చినావిడ స్నానం చేసి, నాలుగు మెతుకులు తిని, కాసేపు నడుం వాల్చాలి. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరు లోపు, అరుగు మీదో వేపచెట్టు కిందో కూర్చునే వేళ మంచిది. సీరియల్ మొదలయ్యాక వెళ్తే "ఊ, ఊ" తప్ప ఇంకేం రాదు. ఉదయం గంటలను ఆఫీసు పనికి, రాసుకోవడానికి వాడుకోండి.

గుమ్మం దగ్గర మొదట మీకు ఎదురయ్యే ప్రశ్న, "ఎవరమ్మాయివి పాపా?" దానికి జవాబు చెప్పి, ఇచ్చిన మజ్జిగ తాగి, అప్పుడు అట్ట బయటకు తీయండి. రెండో ప్రశ్న, "ఇది చెబితే మాకేమొస్తుంది?" ఇక్కడ అబద్ధం ఆడొద్దు. "ఇల్లు వస్తుంది, లోన్ వస్తుంది" అనే మాట మీ నోటి నుంచి రాకూడదు. "ఇది మా చదువులో భాగం అత్తా, తేలిన విషయం రాసి సచివాలయంలో ఇస్తాం, పని అవుతుందని మాటివ్వలేను" అని చెప్పండి. కోప్పడి పంపేవాళ్ళు ఒకరిద్దరుంటారు. రఫ్ బుక్‌లో "ఇల్లు 17, చెప్పలేదు" అని రాసుకుని ముందుకు పోండి. అదీ లెక్కే.

కోడలిని అడిగే ప్రశ్నకు అత్త జవాబు చెబుతుంటే తోడొచ్చిన అమ్మాయి పనికొచ్చేది అప్పుడే. ఒకరు అత్తతో కోళ్ళ గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు కోడలితో పూర్తి చేయండి.

ఫోటో అడిగి తీయండి. చిన్నపిల్లల ముఖాలు, కట్టెల పొయ్యి, చిరిగిన పరదా వెతుక్కుని తీసే ఫోటోలు రిపోర్టులో వద్దు. మన ఇంట్లోకి ఎవరైనా వచ్చి అలా తీస్తే ఊరుకుంటామా?

ఇంట్లో ఒప్పుకోకపోతే: "కాలేజీ పని" అని ఊరికే అంటే నాన్నలకు టెన్షన్. ఏ వీధి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొస్తారు అన్నది కాగితం మీద రాసివ్వండి. అనుమతి పత్రం చూపించండి. ఇంకా కుదరకపోతే మెంటర్‌తో, అంటే మీ ప్రాజెక్టు చూసే లెక్చరర్‌తో ఫోన్ చేయించండి, మేం ఏటా చేసే పనే అది. పెళ్ళై చంటిపిల్లలున్నవాళ్ళు అత్తగారి ఊళ్ళోనే చేసుకోవచ్చు. ముందుగా మెంటర్‌కు చెబితే చాలు.

5. లాగ్ బుక్

రోజూ రాయాలా? రోజూ రాయాలి. పడుకునే ముందు పది నిమిషాలు. తేదీ, ఎన్నింటి నుంచి ఎన్నింటి దాకా, ఎక్కడ, ఏం చేశారు, ఏం తెలిసింది. వారానికోసారి మెంటర్ సంతకం.

చివరి రాత్రి కూర్చుని రాసిన లాగ్ బుక్ మాకెలా తెలుస్తుందని పిల్లలకు ఆశ్చర్యం. ఒకే పెన్ను, ఒకే ఒరవడి, ముప్పై రోజులూ "10 నుంచి 4 దాకా". రెండో శనివారం నాడు సచివాలయంలో అధికారిని కలిశామంటారు. అకాల వర్షానికి ఊరంతా కరెంటు లేని రోజున కూడా కార్యక్రమం బ్రహ్మాండంగా జరిగిందంటారు. "ఏం తెలిసింది" అన్న చోట రోజూ "ప్రజల సమస్యలు తెలుసుకున్నాను".

అలా కాకుండా ఇలా రాయండి: "ఈరోజు 6 ఇళ్ళు. రెండు ఇళ్ళకు తాళం. ఇల్లు 22లో క్యాన్ నీళ్ళు పిల్లలకు మాత్రమే, పెద్దవాళ్ళు కుళాయి నీళ్ళు తాగుతున్నారు. ఈ ప్రశ్న నా కాగితంలో లేదు, రేపటి నుంచి చేరుస్తాను." పని జరగని రోజు జరగలేదనే రాయండి. జ్వరమొస్తే వచ్చిందని రాయండి. ఆ గంటలు తర్వాత పూడ్చుకుంటే సరి.

గంటల మొత్తం ప్రతి శనివారం వేసుకోండి. ఆఖరి వారంలో చూసుకుంటే 140 దగ్గర ఆగి ఉంటుంది.

6. అవగాహన కార్యక్రమం

ఫ్లెక్సీ, మైకు, ర్యాలీ, ఫోటో, అయిపోయె. ఇది వద్దు. అంగన్‌వాడీలో పదిహేను మంది ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఒకే విషయం అరగంట మాట్లాడండి. రక్తహీనత తీసుకుంటే ఏఎన్ఎమ్‌ను, అంటే ఊరి నర్సమ్మను పిలవండి. గర్భిణులు కాని ఆడవాళ్ళలో హిమోగ్లోబిన్ 12 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారని, ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే టీ తాగితే అది ఒంటికి సరిగా పట్టదని ఆమె చెబితే వింటారు. మీరు చెబితే "నీకేం తెలుసులే పాపా" అంటారు. వారం తర్వాత ఆ పదిహేను మందిలో ఐదుగురిని కలిసి ఏం గుర్తుందో అడగండి. రిపోర్టులో ఈ పేరా ఉన్నవాళ్ళు నాకు ఏటా ఇద్దరో ముగ్గురో కనిపిస్తారు.

7. లెక్కలు

కంప్యూటర్ అక్కర్లేదు. పెద్ద కాగితం మీద ప్రశ్నకో వరుస వేసి గీతలు పెట్టండి, ఐదుకో కట్ట.

శాతం ఎంతమందిలో తీస్తున్నారో చూసుకోండి. 50 ఇళ్ళలో 4 ఇళ్ళు ఒక ప్రశ్నకు జవాబివ్వలేదనుకోండి. 23 మంది "క్యాన్ కొంటాం" అన్నారు. జవాబిచ్చిన 46లో అది 50 శాతం, మొత్తం 50లో 46 శాతం. ఏది రాసినా తప్పు కాదు, అది ఏ లెక్కో చెప్పకపోవడం తప్పు.

సగటుతో జాగ్రత్త. ఐదు ఇళ్ళ నీళ్ళ ఖర్చు 200, 200, 300, 300, 2000 అనుకోండి. సగటు 600 వస్తుంది, కానీ ఆ వీధిలో 600 పెట్టే ఇల్లే లేదు. ఆ ఐదో ఇంట్లో టిఫిన్ సెంటర్ ఉంది. ఇలాంటప్పుడు వరుసగా పేర్చి మధ్య సంఖ్య, అంటే 300 రాసి, ఐదో ఇంటి సంగతి విడిగా చెప్పండి.

8. రిపోర్టు ఇంగ్లీషులో రాయడం

అసలు భయమంతా ఇక్కడే. ముందు తెలుగులో చిన్న చిన్న వాక్యాలుగా రాసుకోండి. ఒక వాక్యానికి ఒకే సంగతి. తర్వాత దాన్ని మీకొచ్చిన ఇంగ్లీషులో పెట్టండి. తప్పులుంటే మేం దిద్దుతాం, దానికి మార్కులు పెద్దగా పోవు. ఫోన్‌లో అనువాదం చేయించుకుంటే ప్రతి వాక్యం తిరిగి చదవండి. ఒక రిపోర్టులో "చీటీ పాట" కాస్తా పాటైపోయి, ఊరి ఆడవాళ్ళు నెలకోసారి ఒకచోట చేరి గానం చేస్తారని వచ్చింది. చీటీ పాట, కౌలు, పొదుపు సంఘం లాంటి మాటల్ని అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో వివరించండి.

ఏఐ యాప్‌తో రాయించిన రిపోర్టు ఇంకా సులువుగా తెలిసిపోతుంది. ఇంగ్లీషు దివ్యంగా ఉంటుంది, ఊరు మాత్రం ఉండదు. సముద్రానికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరిని "కొండల నడుమ ప్రశాంత పల్లె" అని వర్ణించిన రిపోర్టు నా బీరువాలో ఇంకా ఉంది.

వరుస ఇలా ఉండనివ్వండి: ఊరు, వీధి గురించి ఒక పేజీ. ఏం అడిగారు, ఎందుకు అడిగారు. ఎవరిని ఎలా కలిశారు. ఏం తేలింది, పట్టికలతో. అవగాహన కార్యక్రమం. మీ సూచనలు. సూచనలు మూడు చాలు, కానీ సచివాలయమో పంచాయతీయో చేయగలిగినవి కావాలి. "ప్రభుత్వం చర్యలు తీసుకోవాలి" అన్నది సూచన కాదు. "కాలనీ చివరి వీధికి కుళాయి నీళ్ళు ఉదయం ఆరు బదులు ఐదుకు వదలాలి, పనికి పోయేవాళ్ళు పట్టుకుంటారు" అన్నది సూచన.

9. ఇచ్చే ముందు సరిచూసుకోండి

- ఏవైనా ఐదు ఇళ్ళకు మళ్ళీ వెళ్ళి రెండు ప్రశ్నలు తిరిగి అడగండి. మూడు ఇళ్ళలో జవాబు మారితే ఆ ప్రశ్నలోనే తప్పుంది, ఆ మాట రిపోర్టులో రాయండి.
- ప్రతి పట్టిక మొత్తం ఇళ్ళ సంఖ్యతో సరిపోవాలి.
- లాగ్ బుక్ తేదీలు, ఫోటోల మీద తేదీలు కలవాలి.
- ఎవరి పేరూ, ఫోన్ నంబరూ ఎక్కడా లేకుండా చూడండి.
- గ్రూపుగా చేస్తే ఎవరు ఏ ఇళ్ళు చేశారో రాయండి. ఒకరు తిరిగి నలుగురు సంతకం పెట్టే గ్రూపులు వైవాలో మొదటి నిమిషంలోనే బయటపడతాయి. పని పంపకంలో గొడవ వస్తే రెండో వారంలోనే మెంటర్‌కు చెప్పండి, ఆఖర్న చెబితే మేం చేయగలిగేది ఏమీ ఉండదు.

10. వైవా

నేను అడిగేవి దాచుకోను. ఎందుకు ఈ వీధి? ఎన్ని ఇళ్ళు, ఎన్ని చెప్పలేదు? మీరు అనుకున్నదానికి వ్యతిరేకంగా ఏం తేలింది? మళ్ళీ చేస్తే ఏం మారుస్తారు? ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో రెండేసి వాక్యాలు అద్దం ముందు నిలబడి చెప్పుకోండి. మధ్యలో మాట ఆగిపోతే "తెలుగులో చెప్పొచ్చా మేడమ్?" అని అడగండి. నేనైతే కాదనను, కాదనేవాళ్ళను చూడలేదు కూడా. బట్టీ పట్టిన పేరా అప్పజెప్పే పిల్ల కంటే ఇల్లు 22 గురించి తెలుగులో చెప్పే పిల్లకే ఎక్కువ వేస్తాను.

రిపోర్టు ఇచ్చే ముందు లాగ్ బుక్‌తో సహా మొత్తం ఒక జిరాక్సు తీసి దగ్గర పెట్టుకోండి. తేలిన విషయాలు, మూడు సూచనలు తెలుగులో ఒక పేజీ రాసి సచివాలయంలో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. దాన్ని రిపోర్టు చివర జతచేయాలి కాబట్టి బైండింగ్‌కు ముందే ఆ పని చేయండి. ఆఖరి రోజు కాలేజీ ఎదురుగా ఉన్న జిరాక్సు షాపులో మీ క్లాసంతా వరుసలో నిలబడి ఉంటుంది, రెండు రోజులు ముందుగా వెళ్ళండి.